రెండు సూర్యులు, 1830 రోజులు: జైన ఖగోళంపై మీ ప్రశ్నలు

పోయిన నెల జైన ఖగోళ గ్రంథాల మీద వేసిన పరిచయ వ్యాసానికి గోదావరి జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపేశాం. జాతకం చూడమని రాసినవారికి ఇక్కడ జవాబు ఉండదు. ఈ శీర్షిక గ్రంథాలకూ లెక్కలకూ మాత్రమే. కాగితం, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదివితే మేలు.

ప్రశ్న: అయ్యా, జైనుల యుగం ఐదేళ్లనీ, 1830 రోజులనీ రాశారు. 365ను ఐదుతో గుణిస్తే 1825 కదా? మిగతా ఐదు రోజులు ఎక్కడివి? ఈ లెక్కలో అధికమాసాలు ఎలా పడతాయి? మన పంచాంగంతో సరిపోతుందా? (విశ్రాంత లెక్కల మాస్టారు, అమలాపురం)

జవాబు: మాస్టారూ, వాళ్ల సౌర సంవత్సరం 365 కాదు, 366 రోజులు. ఉత్తరాయణం 183, దక్షిణాయనం 183. ఐదేళ్లకు 1830. ఇది జైనుల సొంత సంఖ్యేమీ కాదు, వేదాంగాల్లో ఒకటైన వేదాంగ జ్యోతిషంలోనూ ఇదే యుగం, ఇన్నే రోజులు. తేడా ఆరంభంలో ఉంది. వేదాంగ జ్యోతిషం యుగాన్ని ఉత్తరాయణంతో, ధనిష్ఠలో మొదలుపెడుతుంది. జైనుల ఖగోళ ఆగమమైన సూర్యప్రజ్ఞప్తి దక్షిణాయనంతో, అభిజిత్తు నక్షత్రంలో మొదలుపెడుతుంది.

1830నే ఎందుకు పట్టుకున్నారో తెలియాలంటే దాన్ని నాలుగు రకాలుగా భాగించి చూడండి. 60తో భాగిస్తే 30½ రోజుల సౌరమాసం. 61తో భాగిస్తే సరిగ్గా 30 రోజుల వ్యవహారమాసం. 62తో భాగిస్తే 29 రోజులూ, రోజులో 32/62 వంతూ, అది చాంద్రమాసం. 67తో భాగిస్తే 27 రోజులూ, 21/67 వంతూ. చంద్రుడు నక్షత్రచక్రాన్ని ఒక చుట్టు చుట్టే కాలం. ఈ నాలుగూ ఒకేసారి ముగిసే రోజు 1830వది. గ్రంథం నిండా 61, 62, 67 హారాలుగా ఎందుకు కనిపిస్తాయో దీంతో తేలిపోతుంది. హారం చూస్తే ఆ లెక్క సూర్యుడిదా, తిథిదా, నక్షత్రానిదా చెప్పేయవచ్చు. అచ్చుప్రతిలో అంకె తప్పుపడిందని అనుమానం వస్తే మొదట చూడాల్సిందీ హారాన్నే.

చాంద్రమాసాలు 62, సౌరమాసాలు 60 కనుక యుగానికి రెండు అధికమాసాలు. అవి మూడో ఏట ఒకటి, ఐదో ఏట ఒకటి పడతాయి. మామూలు చాంద్ర సంవత్సరం 354 రోజులూ 12/62 వంతు. అధికమాసం ఉన్నదాన్ని అభివర్ధితం అంటారు, అది 383 రోజులూ 44/62 వంతు. మూడు మామూలువీ రెండు అభివర్ధితాలూ కూడితే మళ్లీ 1830 వస్తుంది, కూడి చూడండి. తిథుల సంగతీ అంతే: 62 నెలలకు తిథులు 1860, రోజులు 1830. ముప్పై తిథులు క్షయమవ్వాలి. అంటే 61 రోజులకు ఒక తిథి లోపిస్తుంది.

ఇక మన పంచాంగంతో పోలిక. నేటి కొలతల ప్రకారం 62 చాంద్రమాసాలు సుమారు 1830.9 రోజులు. చంద్రుడి లెక్క యుగానికి దాదాపు ఒక రోజు తప్పుతుంది. ఐదు సౌర సంవత్సరాలు మాత్రం 1826.2 రోజులే. అక్కడ తేడా 3.8 రోజులు. ఆకాశంలో ఐదేళ్ల కంటే 62 నెలలు 4.7 రోజులు పొడవు కనుక, ఈ చక్రాన్ని కళ్లు మూసుకుని తిప్పితే 31, 32 ఏళ్లలో ఒక అధికమాసం అదనంగా పడిపోతుంది. మన సిద్ధాంత పంచాంగాల్లో అధికమాసాలు 19 ఏళ్లకు ఏడు వస్తాయి. జైన యుగం చొప్పున 7.6 రావాలి. కాబట్టి సరిపోదు. అలాగని దాన్ని వెక్కిరించనక్కర్లేదు. చంద్రుడి విషయంలో అది చాలా మంచి చక్రం, తప్పంతా 366 దగ్గరే ఉంది.

తెలుగువాళ్లు తరచూ పడే ఒక గొయ్యి చెప్పాలి. యుగారంభం శ్రావణ బహుళ పాడ్యమి అని గ్రంథం. మనం అమావాస్యతో ముగిసే అమాంత మాసాలకు అలవాటుపడ్డాం కనుక వరలక్ష్మీ వ్రతం దాటాక వచ్చే బహుళ పాడ్యమి అనుకుంటాం. అది తప్పు. అక్కడిది పున్నమితో ముగిసే పూర్ణిమాంత మాసం, బహుళపక్షం ముందు వస్తుంది. మన లెక్కలో అది ఆషాఢ బహుళ పాడ్యమి, వ్యాసపూర్ణిమ మర్నాడు. ఈ ఒక్కటి మరిచిపోతే నెల రోజులు అటూఇటూ అయి, నక్షత్రాలేవీ కుదరక, గ్రంథమే తప్పని తేల్చేస్తాం.

ప్రశ్న: నక్షత్రాలు 27 కదా, జైనులు 28 అంటారేమిటి? (నరసాపురం)

జవాబు: ఉత్తరాషాఢకూ శ్రవణానికీ మధ్య అభిజిత్తును కలుపుతారు. కలిపి ఊరుకోలేదు, దానికి వాటా కూడా కట్టారు. చంద్రుడు 15 నక్షత్రాల్లో 30 ముహూర్తాల (ముహూర్తం 48 నిమిషాలు) చొప్పున ఉంటాడు. రోహిణి, పునర్వసు, విశాఖ, మూడు ఉత్తరలు, ఈ ఆరింటిలో 45 చొప్పున. భరణి, ఆర్ద్ర, ఆశ్లేష, స్వాతి, జ్యేష్ఠ, శతభిషం, ఈ ఆరింటిలో 15 చొప్పున. మొత్తం 810. అభిజిత్తుకు 9 ముహూర్తాలూ 27/67 వంతు. మొత్తాన్ని రోజుకు 30 ముహూర్తాల చొప్పున భాగించండి. పైన చెప్పిన 27 రోజుల 21/67 వంతు నాక్షత్రమాసం వస్తుంది. అంటే చక్రంలో మిగిలిపోయిన తునకను అభిజిత్తు పేర పూడ్చారు.

ప్రశ్న: సార్, జంబూద్వీపానికి ఇద్దరు సూర్యులు, ఇద్దరు చంద్రులు అని చదివి మా క్లాసులో అందరూ నవ్వారు. ఇంత లెక్క తెలిసినవాళ్లు ఇలా ఎందుకు రాశారు? దీన్ని పరిశోధనలో ఎలా చూడాలి? (డిగ్రీ విద్యార్థిని, భీమవరం)

జవాబు: అమ్మా, నవ్వేముందు ఆ నమూనా ఎలా పనిచేస్తుందో ఒకసారి లెక్క కట్టండి. భూమి చదునైన గుండ్రటి పళ్లెం, మధ్యలో మేరువు. సూర్యుడు కిందికి దిగడు, నేలకు 800 యోజనాల ఎత్తున మేరువు చుట్టూ తిరుగుతుంటాడు. దూరమైతే కనబడడు, అదే రాత్రి. ఒక్కో సూర్యుడు ఒక చుట్టుకు 60 ముహూర్తాలు, అంటే రెండు రోజులు తీసుకుంటాడు. అందుకే ఎదురెదురుగా ఇద్దరు. ఈరోజు మనకు ఉదయించినవాడు రేపు రాడు, ఎల్లుండి వస్తాడు.

ఇప్పుడు అంకెలు. మేరువు చుట్టూ ఉన్న నడిమి ద్వీపమే జంబూద్వీపం, దాని వ్యాసం 1,00,000 యోజనాలు. సూర్యుడి బాటలు 184. అన్నిటికంటే లోపలిది ద్వీపం అంచు నుంచి 180 యోజనాలు లోపలికి ఉంటుంది కనుక దాని వ్యాసం 99,640. బయటిది లవణసముద్రం మీద 330 యోజనాలు అవతల, వ్యాసం 1,00,660. సూర్యబింబం వెడల్పు 48/61 యోజనం, బాటకూ బాటకూ మధ్య ఖాళీ రెండు యోజనాలు. ఈ రెండూ కలిపి 183తో గుణిస్తే 510. 180కి 330 కలిపినా 510. లోపలి బాట చుట్టుకొలత 3,15,089 యోజనాలని గ్రంథం. దాన్ని 60తో భాగిస్తే ముహూర్తానికి 5,251 యోజనాలూ 29/60 వంతు, గ్రంథంలో ఉన్న వేగం అదే. ఆ బాటలో ఉన్నప్పుడు పగలు 18 ముహూర్తాలు. సగం పగలు, అంటే తొమ్మిది ముహూర్తాల దూరం 47,263 యోజనాలూ 21/60 వంతు. ఉదయించే సూర్యుడు అంత దూరం నుంచి కంటికి కనబడతాడని సూత్రం చెబుతుంది. ఎక్కడా అంకె జారలేదు.

ఇక్కడ విద్యార్థులు చేసే పొరపాటు ఒకటుంది. 99,640ని 3.1416తో గుణిస్తారు. 3,13,029 వస్తుంది. గ్రంథం తప్పిందంటారు. జైనులు వ్యాసానికీ పరిధికీ వాడిన నిష్పత్తి √10, అంటే 3.1623. దాంతో గుణించండి, 3,15,089 వస్తుంది. జంబూద్వీపం చుట్టుకొలతను 3,16,227 యోజనాలు, 3 క్రోశాలు, 128 ధనువులు అంటూ అంగుళాల దాకా చెప్పిందీ √10తోనే. నేలను కొలిచి చెప్పిన సంఖ్యలు కావివి, వర్గమూలం తీసి చెప్పినవి. √10 ఎంత సూక్ష్మంగా తీయగలిగారో తెలుస్తుంది తప్ప భూమి గురించి ఏమీ తెలియదు.

సూర్యులు రెండే అనుకోకండి. జంబూద్వీపం చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా ఉన్న సముద్రాలకూ ద్వీపాలకూ వేరే సూర్యులున్నారు: లవణసముద్రం మీద నలుగురు, ధాతకీఖండానికి 12, కాలోదానికి 42, పుష్కరార్ధానికి 72, మొత్తం మనుష్యలోకానికి 132. కాబట్టి ఇద్దరు సూర్యులన్నది లోకరచనలో భాగం, ఆకాశం చూసి కట్టింది కాదు. దీన్ని వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలోనూ, భాస్కరాచార్యుడు గోళాధ్యాయంలోనూ ఖండించారు. ధ్రువం చుట్టూ ఆకాశమంతా ఒక్క రోజులోనే తిరిగి వస్తున్నది కళ్లకు కనబడుతుంటే సూర్యుడికి రెండు రోజులెందుకన్నది ఆ వాదం సారం. ఆ ఖండన సరైనదే. పరిశోధకులుగా మీ పని వేరు: పగలు పెరిగే, తరిగే లెక్క, తిథి, నక్షత్ర భోగం వంటి పరిశీలన మీద నిలిచిన భాగాన్నీ, ద్వీపసముద్రాల భాగాన్నీ విడదీసి చూపడం. ఒకదాని పరువు రెండోదానికి అంటగట్టకూడదు, ఒకదాని తప్పును రెండోదాని నెత్తిన వేయకూడదు.

ప్రశ్న: నీడతో పొద్దు కొలిచే జైన పద్ధతి పిల్లలతో చేయించవచ్చా? మా దగ్గర ఆ కొలతలు కుదురుతాయా? (హైస్కూలు సైన్సు టీచరు, రాజోలు)

జవాబు: చేయించవచ్చు. కుదరవు. కుదరకపోవడమే ఇందులో నేర్చుకునే పాఠం.

జైన ఆగమమైన ఉత్తరాధ్యయన సూత్రం 26వ అధ్యయనంలో మునుల దినచర్య కోసం ఒక నియమం ఉంది. పగటిలో నాలుగో వంతు గడిచే వేళకు, అంటే పౌరుషికి, నీడ ఆషాఢంలో 2 పాదాలు, చైత్ర ఆశ్వయుజాల్లో 3, పుష్యంలో 4. వారానికి అంగుళం, పక్షానికి రెండు, నెలకు నాలుగు అంగుళాల చొప్పున పెరుగుతుంది, అలాగే తరుగుతుంది. పాదానికి 12 అంగుళాలు. ఆరు నెలలకు 24 అంగుళాలు, సరిగ్గా రెండు పాదాలు. ఈ పౌరుషి ఇప్పటికీ జైనుల ప్రత్యాఖ్యానాల్లో, అంటే ఫలానా వేళ దాకా ఆహారం ముట్టనని పట్టే నియమాల్లో ఉంది. జైన మందిరాల్లో వేసే వేళల పట్టికలో చూడవచ్చు.

కర్రను 24 అంగుళాలుగా తీసుకుందాం. పిల్లల కోసం అంగుళానికి 2 సెంటీమీటర్లు పెట్టి, 48 సెంటీమీటర్ల నిటారు కర్ర తీసుకోండి. చివర సన్నగా చెక్కి ఉండాలి. కొబ్బరితోటల నీడ పడని జాగా కావాలి కనుక బడి డాబా మీదో, కళ్లంలోనో పెట్టుకోండి. నేల చదును రసమట్టంతో చూడండి, కర్ర నిలువు గుండుదారంతో చూడండి. కర్ర ఒక్క డిగ్రీ వాలినా నీడ కొస ఎనిమిది మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ రోజు సూర్యోదయ, సూర్యాస్తమయాలు పంచాంగంలో చూసి, పగటిని నాలుగుతో భాగించి, ఉదయానికి కలపండి. డిసెంబరు 22 ప్రాంతంలో కోనసీమలో పౌరుషి సుమారు ఉదయం 9 గంటల 13 నిమిషాలకు వస్తుంది. జూన్ 21 ప్రాంతంలో 8 గంటల 47 నిమిషాలకు.

నీడ కొస ఎప్పుడూ మసకగానే ఉంటుంది, సూర్యుడు చుక్క కాదు కనుక. డిసెంబరులో ఆ మసక వెడల్పు సెంటీమీటరున్నర దాకా ఉంటుంది. దాని మధ్యలో గుర్తు పెట్టమనండి. ఒక్కో పిల్లవాడు ఒక్కోచోట పెడితే పోట్లాడుకోనివ్వక సగటు తీయించండి.

గోదావరి డెల్టా అక్షాంశం 16.5 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అక్కడికి లెక్కకడితే డిసెంబరు నీడ 37 అంగుళాలు, మీ కొలతలో 74 సెంటీమీటర్లు. సూత్రం ప్రకారం 48 అంగుళాలు, 96 సెంటీమీటర్లు ఉండాలి. మార్చి 21కి మీకు 26, సూత్రానికి 36. జూన్‌లో మీకు 25, సూత్రానికి 24. జూన్‌లో ఇంచుమించు కుదిరింది, డిసెంబరులో చాలా తేడా. ఇదే లెక్కను 28 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కట్టి చూడండి: జూన్‌కు 25, డిసెంబరుకు 48 వస్తాయి. రెండు కొసలూ కుదిరాయి. మధ్యలో మాత్రం సూత్రం 36 అంటే నిజానికి 30 వస్తుంది, ఎందుకంటే నీడ నెలకు నాలుగంగుళాల చొప్పున సమంగా పెరగదు. రెండు కొసలు చూసి మధ్యను సరళరేఖతో కలిపినట్టుంది.

పగటి పొడవూ ఇలాంటిదే. పెద్ద పగలు 18 ముహూర్తాలు, చిన్న పగలు 12. ముహూర్తం 48 నిమిషాలు కనుక 14 గంటల 24 నిమిషాలు, 9 గంటల 36 నిమిషాలు. మన దగ్గర పెద్ద పగలు 13 గంటల ఆరేడు నిమిషాలే, చిన్నది 11 గంటల పది నిమిషాలు. 18కి 12 నిష్పత్తి నిజంగా రావాలంటే కశ్మీరం దాకా, 35 డిగ్రీలకు పోవాలి. దీన్ని పట్టుకుని ఆ సంఖ్య బాబిలోనియా నుంచి వచ్చిందన్నవారున్నారు. జపాన్ పండితుడు యుకియో ఓహాషి వేరే దారి చూపాడు: అయనాల దగ్గర కాక, మిగతా రోజుల్లో పగలు పెరిగే వేగం కొలిచి సరళరేఖ గీసి ఉంటే ఉత్తర భారతానికే సరిపోతుందని. సూత్రం ప్రకారం రోజుకు 2/61 ముహూర్తం, అంటే ఒక నిమిషం 34 సెకన్లు. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గర అంత పెరుగుదల వచ్చేది 26, 27 డిగ్రీల దగ్గర. పైన నీడ కూడా 28 దగ్గర కుదిరింది కనుక మాకూ ఈ వాదమే బలంగా తోస్తోంది. కోనసీమలో ఆ పెరుగుదల రోజుకు 57 సెకన్లే.

జూన్ మూడో వారంలో మీకు మబ్బులు పట్టే ఉంటాయి. ఆ రోజే కావాలని కూర్చోకండి, మే నెలాఖరులో ఎండ ఉన్న రోజు చేసినా నీడలో తేడా పెద్దగా రాదు. మే 6–8 మధ్య, ఆగస్టు 5–7 మధ్య మిట్టమధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు, ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. దాన్ని చూసి పిల్లలు దిక్కులు తప్పుగా రాసుకోకుండా చూడండి.

ప్రశ్న: పావులూరి మల్లన మా ప్రాంతం వాడంటారు. ఆయన జైనుడా? ఆయన గణితంలో ఖగోళం ఉందా? (పిఠాపురం)

జవాబు: జైనుడు కాదు, శైవుడు. ఆయన తెలుగులోకి తెచ్చిన మూలం మాత్రం జైనుడిది: మహావీరాచార్యుడి గణితసార సంగ్రహం. ఈ మహావీరుడు 24వ తీర్థంకరుడు కాడు. రాష్ట్రకూట అమోఘవర్ష నృపతుంగుణ్ణి గ్రంథాదిలో స్తుతించిన 9వ శతాబ్దపు గణితజ్ఞుడు. ఉత్తరాల్లో ముగ్గురు ఈ ఇద్దరినీ కలిపేశారు.

రాజరాజనరేంద్రుడు మల్లనకు పిఠాపురం దగ్గరి నవఖండవాడను ఇచ్చాడని గ్రంథంలోని పద్యం చెబుతుంది. దానం పుచ్చుకున్న మల్లనే గ్రంథకర్తా, లేక ఆయన మనుమడైన మరో మల్లనా అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అందుకే 11వ శతాబ్దం అని గట్టిగా రాసేముందు ఏ పక్షం వహిస్తున్నారో చెప్పండి. మూలంలో జినుడు, జినాలయాలు ఉన్న ఉదాహరణలను మల్లన శైవం చేశాడు. రాజరాజు తండ్రి విమలాదిత్యుడి కాలపు రామతీర్థం శాసనంలో త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు కనిపిస్తాడు. అంటే జైన పండితులూ వాళ్ల గ్రంథాలూ వేంగి రాజ్యానికి కొత్త కావు. ఈ మార్పులను మూలంతో పక్కపక్కన పెట్టి చూసిన పని శ్రీరాముల రాజేశ్వర శర్మ గారిది, పావులూరి గణితం మీద పని చేసేవాళ్లు మొదట అది చదవాలి. మూలానికి ఎం. రంగాచార్య 1912లో మద్రాసులో ఆంగ్లానువాదంతో వేసిన ప్రతి ఇప్పటికీ పనికొస్తుంది.

గణితసార సంగ్రహం ఖగోళ గ్రంథం కాదు. తొమ్మిది అధ్యాయాల్లో చివరిదైన ఛాయావ్యవహారం ఒక్కటే శంకువు నీడల గురించి. గ్రహాల గతి, గ్రహణాలు వీటికి గణితం కావాలని మొదట్లో చెప్పి, మహావీరాచార్యుడు తన దారిన లెక్కలు చెప్పుకుపోయాడు. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వచ్చే సరదా లెక్కలు ఆయనవే.

మల్లన పద్యాల్లో సంఖ్యలు మాటల్లో ఉంటాయి, కుడి నుంచి ఎడమకు చదవాలి. చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసే ప్రసిద్ధ పద్యం శర, శశి, షట్క, చంద్ర, శర అని మొదలవుతుంది: 5, 1, 6, 1, 5. చివరి రెండు కుంజర, తుహినాంశు: 8, 1. తిప్పి చదివితే 18 దగ్గర మొదలై 51615 దగ్గర ఆగే ఇరవై అంకెల సంఖ్య, 18446744073709551615. రెండును 64 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది అదే. జైన మూలాల్లో ఈ పద్ధతికి మెలిక ఉంది. మనం రత్నమంటే తొమ్మిది అనుకుంటాం, మహావీరుడికి మూడు, రత్నత్రయం కనుక. తత్త్వమంటే సాంఖ్యులకు 25, ఆయనకు ఏడు. కర్మ అంటే ఎనిమిది. లెక్క తేలకపోతే ముందు ఇవి మార్చి చూడండి.

ప్రశ్న: లాగరిథమ్‌లు జైనులే కనిపెట్టారని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా? (ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: సగం. వీరసేనుడు 9వ శతాబ్దంలో దిగంబర జైనుల ఆగమమైన షట్ఖండాగమం మీద రాసిన ధవళ టీకలో అర్ధచ్ఛేదం అనే భావన ఉంది. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయవచ్చో దాని అర్ధచ్ఛేదం. 32కు ఐదు. మూడుతో చేస్తే త్రికచ్ఛేదం. రెండు సంఖ్యల లబ్ధానికి అర్ధచ్ఛేదం ఆ రెండింటి అర్ధచ్ఛేదాల మొత్తమని కూడా ఆయనకు తెలుసు. ఇది రెండు ఆధారంగా లాగరిథమ్ భావనే. కానీ పట్టికలు లేవు, పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చే పనికి వాడలేదు. లోకంలో జీవుల సంఖ్య వంటి అతి పెద్ద రాశులను పోల్చడానికి వాడారు. ఇంతవరకు చెప్పి ఆగిపోతే మీ మాటను ఎవరూ కాదనలేరు.

ప్రశ్న: జైన ఖగోళం మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను. సంస్కృతం కొద్దిగా వచ్చు. సూర్యప్రజ్ఞప్తితో మొదలుపెట్టనా? మా అత్తిలి దగ్గర జైన శాసనం ఉందని విన్నాను, దానితో ముడిపెట్టవచ్చా? (తణుకు)

జవాబు: సూర్యప్రజ్ఞప్తితో మొదలుపెట్టవద్దు. అది అర్ధమాగధి ప్రాకృతంలో, 20 పాహుడలుగా, అంటే అధ్యాయాలుగా ఉంది. నక్షత్రాల పదో పాహుడ ఒక్కదానికే 22 ఉపభాగాలు. ముందు జైన సిద్ధాంతాన్ని సూత్రాల్లో చెప్పిన తత్త్వార్థసూత్రం మూడు, నాలుగు అధ్యాయాలు ఒక సంస్కృత వ్యాఖ్యతో చదవండి, లోకం బొమ్మ మనసులో పడుతుంది. తర్వాత నేమిచంద్రుడి త్రిలోకసారంలో జ్యోతిర్లోక భాగం. అప్పుడు సూర్యప్రజ్ఞప్తి, మలయగిరి సంస్కృత టీకతో. ఆగమోదయ సమితి 1919లో వేసిన ప్రతిలో రెండూ ఉన్నాయి. చంద్రప్రజ్ఞప్తి పేరుతో ఇప్పుడు దొరికేది దాదాపు ఇదే పాఠం, దాన్ని రెండో సాక్ష్యంగా లెక్కపెట్టకండి. ఆధునికుల్లో థీబో 1880లో రాసిన వ్యాసం, సజ్జన్ సింగ్ లిష్క్ 1987 నాటి పుస్తకం చూడండి. లిష్క్ పోగు చేసిన సమాచారం విలువైనదే, నిర్ణయాల్లో మాత్రం ఉత్సాహం కాస్త ఎక్కువ.

సూర్యప్రజ్ఞప్తిలో కొత్తవాళ్లను పడగొట్టేది ప్రతిపత్తులు. ఒక ప్రశ్న వేసి, కొందరు ఇలా అంటారు, మరికొందరు అలా అంటారు అని వరసగా ఇతరుల మతాలు చెప్పి, చివర ‘మేం మాత్రం ఇలా చెబుతాం’ అని తన మాట చెబుతుంది. మధ్యలోంచి ఒక వాక్యం ఎత్తుకొచ్చి జైనుల సిద్ధాంతమిదని రాసిన వ్యాసాలు తక్కువేమీ కాదు. మీ నోట్సులో ప్రతి ఎత్తిరాతకూ ఎదురుగా రెండు గళ్లు గీయండి: సూత్రమా టీకా ఒకటి, పరమతమా స్వమతమా రెండోది. సూత్రానికీ 12వ శతాబ్దపు మలయగిరికీ మధ్య శతాబ్దాల దూరం ఉంది.

అత్తిలి సంగతి: మీరు విన్నది కలుచుంబర్రు శాసనం. తూర్పు చాళుక్య రెండో అమ్మరాజు 10వ శతాబ్దంలో అత్తిలినాటి కలుచుంబర్రు గ్రామాన్ని సర్వలోకాశ్రయ జినభవనానికి ఇచ్చాడు. చామెకాంబ కోరిక మీద ఇచ్చిన దానమది, ఆమె గురువు అర్హనంది. శాసన పండితుడు ఫ్లీట్ దీన్ని శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా ఏడో సంపుటంలో వేశాడు. సామాజిక చరిత్రకు బంగారం. ఖగోళానికి మాత్రం అందులో ఏమీ లేదు. పైగా సూర్యప్రజ్ఞప్తి శ్వేతాంబర ఆగమం. అర్హనంది వలహారి గణం, అడ్డకలి గచ్ఛం వాడు, దక్షిణాది సంప్రదాయం. అత్తిలి మునులు సూర్యప్రజ్ఞప్తి చదివారని రాస్తే పరీక్షకుల ముందు నిలబడదు. ఖగోళం, శాసనాలు రెండింట్లో ఒకటి ఎంచుకోండి.

ప్రశ్న: మా అత్తగారింట్లో తాటాకుల కట్ట ఉంది. తెలుగు లిపే, కానీ చదవలేకపోతున్నాం. జైన గ్రంథమేమోనని మావారి అనుమానం. ఏం చేయాలి? (గృహిణి, ఆత్రేయపురం)

జవాబు: అమ్మా, తడిగుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి, పసుపు పూయకండి, సెల్లోటేపు అంటించకండి. తాడు బిగిసిపోయి ఉంటే లాగకండి, రంధ్రం దగ్గర ఆకు చీలుతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో ఆకు నారల వెంబడి, పొడవునా మాత్రమే దుమ్ము దులపండి. అతుక్కుపోయిన ఆకులను విడదీయడం, నిమ్మగడ్డి నూనె రాయడం, మసి పట్టించడం తెలిసినవాళ్ల పని. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి అక్షరాలు పూడిపోతాయి. లంకల గాలిలో చెమ్మ ఎక్కువ, ఇనుప బీరువాలో కంటే కర్రపెట్టెలో, నూలుగుడ్డలో చుట్టి పెట్టడం మంచిది.

ఫోటోలు తీయండి. మసి పోయిన ఆకుల మీద గీతలు ఎదురు వెలుగులో కనబడవు. కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి వాలుగా పడేలా పెడితే గంటం గీతలు తేలతాయి. ప్రతి ఆకు రెండు వైపులా తీయండి, పక్కన స్కేలు పెట్టండి. ఆకు సంఖ్య సాధారణంగా ఎడమ అంచున ఉంటుంది, ఫోటోకు పేరుగా అదే పెట్టండి.

జైన గ్రంథమో కాదో మొదటి ఆకు చాలావరకు చెబుతుంది. వీతరాగుడికో జినుడికో నమస్కారం ఉంటే మీవారి అనుమానానికి బలం వచ్చినట్టే. శుభమస్తు, అవిఘ్నమస్తు అని గణపతి, సరస్వతుల స్తుతి ఉంటే అవకాశం తక్కువ. డెల్టా ఇళ్లలో ఎక్కువగా దొరికేవి భాగవతం, వైద్యం, జ్యోతిషం, లెక్కల పద్యాలు. వాటిలో పావులూరి గణితం ముక్క దొరికినా అది మీ ఇంటి అదృష్టమే. చివరి ఆకులో లేఖకుడు సంవత్సరం, మాసం, తిథి, వారం రాసి ఉంటాడు. ప్రభవాది పేరు ఒక్కటే ఉంటే అది 60 ఏళ్లకోసారి వస్తుంది కనుక కాలం తేలదు. తిథీ వారమూ కలిపి చూస్తే ఏడింటిలో ఆరు ఊహలు రాలిపోతాయి. మిగిలినవాటి మధ్య లిపి చూసి నిర్ణయించాలి. మొదటి రెండు, చివరి రెండు ఆకుల ఫోటోలు తీసుకుని కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియానికి వెళ్లండి, అక్కడ తాళపత్రాల సేకరణ ఉంది. మొదటిసారి కట్టను వెంట తీసుకెళ్లనక్కర్లేదు.